పోర్ట్ పెద్దదైతే పవర్ పెరుగుతుందా? సిలిండర్ హెడ్‌లో గాలి దారిని దిద్దే పని

సిలిండర్ హెడ్‌ను విప్పి బల్ల మీద పెడితే గాలి లోపలికి వచ్చే దారి అయిన ఇన్‌టేక్ పోర్ట్ మూతిలోకి వేలు సులువుగా దూరుతుంది. అదే వేలును కంబషన్ ఛాంబర్ వైపు నుంచి వాల్వ్ ఆనే సీట్ గుండా లోపలికి పోనిచ్చి తడిమి చూడండి. సీట్ దాటగానే ఫ్యాక్టరీ కోత ఆగిపోయిన చోట ఒక గట్టు తగులుతుంది. దాని వెనక పోతపోసినప్పటి గరుకు లోహం. దారి మధ్యలోకి పొడుచుకొచ్చిన, వాల్వ్ కాడను పట్టి ఉంచే గైడ్ దిమ్మ. మలుపు లోపలి వైపున పదునైన అంచు. గాలికి అడ్డుపడేవన్నీ దాదాపు సీట్‌కు అటూ ఇటూ 20 మి.మీ. లోపలే ఉంటాయి. పోర్టింగ్‌కు, అంటే ఈ దారిని దిద్దే పనికి, కొత్తగా దిగినవాళ్లు మాత్రం గ్రైండర్ తేలిగ్గా అందే మూతి దగ్గర మొదలుపెడతారు. అక్కడ ఎంత లోహం తీస్తే అంత పని జరిగినట్టు కంటికి కనిపిస్తుంది. గాలికి దానివల్ల ఒరిగేది బహు తక్కువ, ఒక్కోసారి నష్టం కూడా.

ఈ వ్యాసం నాలుగు స్ట్రోకుల పెట్రోల్ ఇంజిన్ల హెడ్‌ల గురించి. టూ స్ట్రోక్‌లో పోర్టింగ్ అంటే సిలిండర్ గోడలోని కిటికీల ఎత్తు, టైమింగ్ మార్చడం. పేరు ఒకటే అయినా ఆ లెక్కలు పూర్తిగా వేరు.

ఇరుకు ఎక్కడుంది?

వాల్వ్ తెరుచుకున్నప్పుడు గాలి దాని అంచుకూ సీట్‌కూ మధ్య ఏర్పడే ఉంగరం లాంటి సందులోంచి సిలిండర్‌లోకి దిగుతుంది. ఈ సందును కర్టెన్ ఏరియా అంటారు. వాల్వ్ చుట్టుకొలతను లిఫ్ట్‌తో, అంటే వాల్వ్ లేచిన ఎత్తుతో, గుణిస్తే అది వచ్చేస్తుంది. వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతు లిఫ్ట్ దగ్గర ఈ సందు వైశాల్యం వాల్వ్ తల వైశాల్యంతో సమానమవుతుంది.

ఒక లెక్క వేసుకుందాం. 80 మి.మీ. బోర్ (సిలిండర్ వ్యాసం), 80 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), సిలిండర్‌కు ఒకే ఇన్‌టేక్ వాల్వ్, దాని వ్యాసం 36 మి.మీ. వాల్వ్ తల వైశాల్యం సుమారు 1018 చదరపు మి.మీ. సీట్ వెనక ఉండే గొంతు, అంటే థ్రోట్, వాల్వ్ వ్యాసంలో 88 శాతం ఉందనుకుంటే 31.7 మి.మీ. వస్తుంది. అందులోంచి 7 మి.మీ. వాల్వ్ కాడ ఆక్రమించే చోటు తీసేస్తే గాలికి మిగిలేది దాదాపు 750 చదరపు మి.మీ. వాల్వ్ 6.6 మి.మీ. లేచేసరికి కర్టెన్ ఏరియా కూడా అంతే అవుతుంది. ఆ లిఫ్ట్ లోపు గాలిని ఆపేది సీట్ కోణాలు. అది దాటాక ఆపేది గొంతు, దాని వెనక ఉన్న మలుపు. ఈ రెంటిలో పోర్ట్ మూతి ఎక్కడా లేదు.

దీని నుంచి పనికొచ్చే సంగతి ఒకటి తేలుతుంది. వాల్వ్‌లను తెరిచే కామ్‌షాఫ్ట్ ఇచ్చే గరిష్ఠ లిఫ్ట్ 8 మి.మీ. అయితే 11 మి.మీ. దగ్గర ఫ్లో బెంచ్ (హెడ్‌లోంచి పోయే గాలిని కొలిచే యంత్రం) చూపించే లాభం ఆ ఇంజిన్‌కు దక్కదు. పైగా గరిష్ఠ లిఫ్ట్‌ను వాల్వ్ ఒక్కసారే తాకుతుంది. 3 మి.మీ., 5 మి.మీ. లిఫ్ట్‌లను మాత్రం లేచేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి దాటుతుంది. అందుకే రోడ్డు మీద తిరిగే ఇంజిన్‌కు సీట్ పనే ముందు. పోర్ట్‌ను అస్సలు ముట్టుకోకుండా సీట్ ఒక్కటి బాగా కోయించుకున్నా తేడా తెలుస్తుంది.

గాలి గోడను వదిలేస్తే

చెంబులో నీళ్లు నెమ్మదిగా వంచితే ధార అంచును అంటుకుని చెంబు బయటి వైపు నుంచి కారుతుంది. వేగంగా వంచితే అంచును వదిలేసి ముందుకు దూకుతుంది. పోర్ట్‌లో గాలి కూడా ఇలాగే నడుచుకుంటుంది. పోర్ట్ నేల వాల్వ్ వైపు తిరిగే లోపలి మలుపును షార్ట్ సైడ్ అంటారు. అది గుండ్రంగా, నిదానంగా తిరిగితే గాలి దాన్ని అంటిపెట్టుకుని వస్తుంది. మలుపు పదునుగా ఉంటే గాలి నేలను వదిలేసి ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. వదిలేసిన చోట సుడులు నిండిపోతాయి. అప్పుడు దారి కొలతకు 750 చదరపు మి.మీ. ఉన్నా గాలికి నిజంగా దక్కేది 500 కావచ్చు. వాల్వ్ చుట్టూ ఉన్న సందులో ఒక వైపు మాత్రమే పనిచేస్తుంటుంది.

తక్కువ లిఫ్ట్‌లో గాలి నెమ్మదిగా కదులుతుంది కనుక పదునైన మలుపు కూడా సర్దుకుపోతుంది. లిఫ్ట్ పెరిగి వేగం పెరిగేకొద్దీ అసలు గుణం బయటపడుతుంది. ఫ్లో బెంచ్ మీద 8 మి.మీ. దాకా అంకెలు పెరుగుతూ వచ్చి, 9 దగ్గర ఆగిపోయి, 10 దగ్గర కిందికి దిగి, శబ్దం గరగరమంటే దాదాపు ఎప్పుడూ షార్ట్ సైడ్ దగ్గరే తప్పు ఉంటుంది.

పోర్ట్ ఎంత నిటారుగా వస్తే ఈ మలుపు అంత తేలికవుతుంది. 1967లో వచ్చిన కాస్‌వర్త్ డీఎఫ్‌వీ రేసింగ్ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌ల మధ్య కోణాన్ని 32 డిగ్రీలకు తగ్గించారు. ఛాంబర్ చిన్నదై పొందికగా కుదిరింది, ఇన్‌టేక్ దారి పైనుంచి దిగేలా నిలబడింది. పాత హెడ్‌లో మనకు ఆ వీలు లేదు. కానీ అదే దిశలో ఒక మెట్టు ఎక్కించవచ్చు. లోహం తీయాల్సి వస్తే నేలలోంచి కాక పైకప్పులోంచి తీయాలి. నేలను లోతు చేస్తే దారి పెరిగినట్టే ఉంటుంది కానీ మలుపు ఇంకా పదునెక్కుతుంది.

వేగం ఎందుకు కావాలి

పోర్ట్ పెద్దదైతే గాలి వేగం తగ్గుతుంది. తగ్గితే ఏమవుతుంది అనే ప్రశ్నకు జవాబు ఇన్‌టేక్ వాల్వ్ మూసుకునే సమయంలో ఉంది. పిస్టన్ అడుగుకు చేరాక కూడా వాల్వ్ వెంటనే మూసుకోదు. చాలా ఇంజిన్లలో క్రాంక్ ఇంకో 40 నుంచి 60 డిగ్రీలు తిరిగాకే మూసుకుంటుంది. ఆ సమయంలో పిస్టన్ పైకి వస్తున్నా, పోర్ట్‌లో ఊపు మీద ఉన్న గాలి లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. ఆ ఊపు వేగం వర్గం మీద ఆధారపడుతుంది.

మన ఉదాహరణలోని ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 6.7 మీటర్లు. బోర్ వైశాల్యం పోర్ట్ ఇరుకు చోటు కంటే 6.7 రెట్లు ఎక్కువ. కాబట్టి అక్కడ గాలి సగటు వేగం సుమారు 45 మీటర్లు. ఆ ఇరుకును 15 శాతం పెంచితే వేగం 39కి పడిపోతుంది, ఊపులో నాలుగో వంతు దాకా పోతుంది. అందువల్ల లోపలికి చేరిన గాలిలో కొంత పిస్టన్ తోపుకు వెనక్కి పోర్ట్‌లోకి వచ్చేస్తుంది. నడిపేవాళ్లకు ఇది కింది ఆర్‌పీఎంలో లాగుడు పోవడంగా, థ్రాటిల్ తెరిస్తే బండి ఒక క్షణం ఆలోచించడంగా తెలుస్తుంది.

అదే ఇంజిన్‌ను 6000 దగ్గర చూస్తే బొమ్మ తిరగబడుతుంది. సగటు వేగం 107 మీటర్లు, పిస్టన్ అతివేగంగా కదిలే క్షణంలో 170 మీటర్లు దాటుతుంది. ధ్వని వేగంలో సగానికి చేరువవుతున్న కొద్దీ ఎంత పీల్చినా గాలి అదనంగా రాదు. ఎంఐటీలో ఇంజిన్ల మీద పనిచేసిన చార్లెస్ ఫేయెట్ టేలర్ ఈ సంబంధాన్ని మాక్ ఇండెక్స్ అనే ఒక్క అంకెలోకి కుదించాడు. ఆ అంకె సుమారు 0.5, 0.6 దాటితే సిలిండర్ నిండడం పడిపోతుంది. కాబట్టి పోర్ట్ సైజుకు మంచిదీ చెడ్డదీ అంటూ విడిగా ఏదీ ఉండదు. ఏ ఆర్‌పీఎం దగ్గర పవర్ కావాలో తేల్చుకోకుండా గ్రైండర్ పట్టుకోవడం కొలత తీసుకోకుండా బట్ట కోయడం లాంటిది.

టర్బో ఉన్న ఇంజిన్‌కు పోర్టింగ్ అక్కర్లేదనే మాట తరచూ వినిపిస్తుంది. బూస్ట్ గేజ్ చూపించేది హెడ్‌కు ముందు పోగుపడిన ఒత్తిడిని. హెడ్ సులువుగా గాలి తీసుకుంటే గేజ్ కాస్త తక్కువ చూపిస్తూనే లోపలికి ఎక్కువ గాలి పోవచ్చు.

ఫ్లో బెంచ్ చెప్పేది, చెప్పనిది

హెడ్‌ను అదే బోర్ ఉన్న గొట్టం మీద బిగించి, కింద నుంచి ఒక స్థిరమైన ఒత్తిడి తేడాతో గాలి లాగి, ఒక్కో మిల్లీమీటర్ లిఫ్ట్ దగ్గర ఎంత గాలి పోతోందో చూసేదే ఫ్లో బెంచ్. 28 అంగుళాల నీటి మట్టం తేడా వాడుక ప్రమాణం. ఆ తేడా దగ్గర గాలికి సిద్ధాంతపరంగా సెకనుకు సుమారు 107 మీటర్ల వేగం వస్తుంది. 10 అంగుళాల దగ్గర కొలిచిన అంకెను 28కి మార్చాలంటే 1.67తో గుణించాలి, 25 నుంచైతే 1.06తో. ఏ ఒత్తిడి దగ్గర కొలిచారో చెప్పకుండా ఎవరైనా అంకె ఇస్తే దానికి విలువ లేదు.

ఇరుకుకు తగినంత గాలి పోతోందా అన్నది చూడాలంటే నిష్పత్తి తీయాలి. 1018 చదరపు మి.మీ. వాల్వ్ వైశాల్యాన్ని 107 మీటర్ల వేగంతో గుణిస్తే నిమిషానికి సుమారు 230 ఘనపుటడుగులు, అంటే 230 సీఎఫ్‌ఎం. బెంచ్ మీద 9 మి.మీ. లిఫ్ట్ దగ్గర 120 వచ్చిందంటే హెడ్ తన సైజులో 52 శాతం వాడుకుంటోంది. ఇలాంటి పోర్ట్‌లో గొంతు పెంచకుండానే ఆకారం దిద్ది 60 శాతం దాకా తేవచ్చు. ఇప్పటికే 65 దగ్గరున్న పోర్ట్‌ను పట్టుకుని కూర్చుంటే గంటలు పోతాయి, అంకె కదలదు.

రేసింగ్ వాళ్లు ఒక మోటు లెక్క వాడతారు: 28 అంగుళాల దగ్గర ఒక పోర్ట్ సీఎఫ్‌ఎంను 0.26తోనూ సిలిండర్ల సంఖ్యతోనూ గుణిస్తే ఆ హెడ్ మోయగల హార్స్‌పవర్. 120 సీఎఫ్‌ఎం, నాలుగు సిలిండర్లు అయితే 125 దగ్గర. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. కామ్, కంప్రెషన్, ఎగ్జాస్ట్ అన్నీ కుదిరితేనే అక్కడికి చేరతారు.

బెంచ్ మీద గాలి ఒకే ధారగా పోతుంది, ఇంజిన్‌లో ఆగి ఆగి కొట్టుకుంటూ పోతుంది. బెంచ్‌లో పెట్రోల్ చుక్కలు ఉండవు. అందుకే బెంచ్ అంకెలో 3 శాతం పెరిగి పోర్ట్ వాల్యూమ్ 15 శాతం పెరిగిందంటే అది బేరం కాదు. ఇన్‌టేక్ పోర్ట్ మూతి దగ్గర మైనంతోనో ప్లాస్టిసిన్‌తోనో గుండ్రని అంచు కట్టకుండా కొలవడం కూడా మామూలు తప్పు. అంచు లేకపోతే గాలి మూతి దగ్గరే చెదిరి, లేని లోపాన్ని పోర్ట్‌కు అంటగడుతుంది.

కొన్ని పోర్ట్‌లు కావాలనే వంకరగా ఉంటాయి. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ హెడ్ మీద బ్రిటిష్ ఇంజినీర్ హ్యారీ వెస్లేక్ పనిచేశాడు. అందులోని ఇన్‌టేక్ పోర్ట్ వంపు సిలిండర్‌లో గాలిని గుండ్రంగా తిప్పడానికి పెట్టింది. అలాంటి పోర్ట్‌ను తిన్నగా చేస్తే బెంచ్ మీద అంకె పెరిగి, మంట నెమ్మదించి, ఇంజిన్ పాత పవర్ దగ్గరే ఉండిపోవచ్చు.

గ్రైండర్ పట్టే ముందు

హెడ్‌ను కార్బన్, నూనె లేకుండా కడిగి పగుళ్లు చూడాలి. అల్యూమినియం హెడ్‌కు రంగు ఇంకే డై పెనిట్రెంట్ పరీక్ష, పోత ఇనుముకు అయస్కాంత పరీక్ష. రెండు వాల్వ్ సీట్‌ల మధ్య, సీట్‌కూ స్పార్క్ ప్లగ్ రంధ్రానికీ మధ్య పగుళ్లు ఎక్కువ. పగిలిన హెడ్ మీద నలభై గంటలు పనిచేశాక ఆ సంగతి తెలియడం కంటే పెద్ద బాధ ఈ పనిలో లేదు. గైడ్‌లు అరిగి వాల్వ్ ఊగుతుంటే ముందు అవి మార్చాలి. సీట్ కోసే పనిముట్టు గైడ్‌నే ఆధారం చేసుకుంటుంది కనుక ఊగే గైడ్ మీద కోసిన సీట్ గుండ్రంగా రాదు.

గోడ మందం తెలుసుకోవడానికి అన్నిటికంటే మంచి ఉపాయం అదే మోడల్ పాడైన హెడ్ ఒకటి సంపాదించి, పోర్ట్ మధ్య నుంచి రంపంతో నిలువుగా కోసి చూడటం. నీటి జాకెట్ ఎక్కడ దగ్గరగా వస్తుందో, ఆయిల్ దారి ఎక్కడుందో, ఎక్కడ లోహం దండిగా ఉందో అందులో కనిపిస్తుంది. పోత హెడ్‌లో నీటి వైపు 3 మి.మీ. కంటే పలుచన చేయకపోవడం క్షేమం. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త పక్కకు జరగడం సహజం. అందువల్ల ఒక పోర్ట్‌లో దండిగా ఉన్న గోడ పక్క పోర్ట్‌లో సన్నగా ఉండొచ్చు. అన్ని పోర్ట్‌లలో ఒకే మోతాదు లోహం తీయకూడదు. అన్నిటికీ ఒకే ఆకారం రావాలి, అంతే.

పనిముట్లలో ముఖ్యమైనది వేగం తగ్గించుకునే వీలున్న డై గ్రైండర్. దానికి బిగించే కోత ముక్కను బర్ అంటారు: అల్యూమినియంకు వెడల్పైన పళ్లున్న కార్బైడ్ బర్, పోత ఇనుముకు అడ్డదిడ్డంగా రెండు వరసల పళ్లున్న బర్. కోడిగుడ్డు ఆకారం, చెట్టు ఆకారం ఉన్న రెండు బర్‌లతో తొంభై శాతం పని అవుతుంది. ఉత్త గుండు ఆకారం బర్ గుంటలు పెడుతుంది, దాని జోలికి పోకపోవడం మేలు. 150 మి.మీ. పొడవైన కాడ ఉన్న బర్‌ను గాల్లో పూర్తి వేగంతో తిప్పితే కాడ వంగి కొరడాలా కొడుతుంది. పోర్ట్‌లోకి దూర్చాకే స్విచ్ వేయాలి, ఆగాకే బయటికి తీయాలి. అల్యూమినియం పళ్లలో ఇరుక్కోకుండా మధ్యమధ్య మైనమో పలుచని నూనో రాయాలి. కళ్లకు అద్దాలు, ముక్కుకు దుమ్ము ఆపే మాస్క్ తప్పనిసరి.

కోత

మొదట అన్ని పోర్ట్‌ల గొంతు వ్యాసం, వాల్యూమ్ కొలిచి రాసుకోవాలి. వాల్యూమ్‌కు బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి చూస్తే చాలు. బర్ సీట్‌కు తగలకుండా పాత వాల్వ్ ఒకటి పెట్టి ఉంచడం కొందరి అలవాటు. కొత్త సీట్ ఎలాగూ కోయిస్తున్నాం కదా అని అజాగ్రత్త పడితే, బర్ ఒక్కసారి సీట్ మీదుగా జారిన లోతును తీసేయడానికి సీట్‌ను అంత కిందికి దింపాల్సి వస్తుంది.

గొంతు దగ్గర సీట్ కింది గట్టును పోర్ట్ గోడలోకి కలిపేయాలి. ఇక్కడ లక్ష్యం వాల్వ్ వ్యాసంలో 85 నుంచి 90 శాతం. రోడ్డు ఇంజిన్‌కు 87, 88 దగ్గర ఆగడం మంచిది. 36 మి.మీ. వాల్వ్‌కు 34 మి.మీ. గొంతు అంటే 94 శాతం. అప్పుడు సీట్ కింద కోణానికి చోటే మిగలదు, గాలి సీట్ మీద తిరగకుండా నేరుగా దూకుతుంది. బెంచ్ మీద తక్కువ లిఫ్ట్ అంకెలు పడిపోవడానికి ఇదే మొదటి కారణం.

గైడ్ దిమ్మను పూర్తిగా నరికేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఎగ్జాస్ట్ వైపు ఆ పని అస్సలు చేయకూడదు, ఎందుకంటే వాల్వ్ కాడ వేడిని హెడ్‌లోకి పంపేది ఆ దిమ్మే. ఇన్‌టేక్‌లో కూడా దాన్ని పక్కల నుంచి సన్నం చేసి, గాలి వచ్చే వైపు గుండ్రంగా, పోయే వైపు తోకలా దిద్దితే సరిపోతుంది. పక్కల ఉన్న గోడలు కాస్త వెనక్కి జరిపితే దిమ్మ ఆక్రమించిన చోటు తిరిగి దక్కుతుంది.

షార్ట్ సైడ్ దగ్గర తీసేది చాలా తక్కువ, తడిమేది ఎక్కువ. పదునైన అంచును గుండ్రంగా చేయడానికి అరమిల్లీమీటర్ నుంచి ఒక మిల్లీమీటర్ చాలు. మలుపు నేరుగా కిందికి పడకూడదు, వెడల్పుగా పక్కలకు విచ్చుకోవాలి. నేల మధ్యలో కంటే రెండు మూలల్లో కాస్త ఎక్కువ గుండ్రం కావాలి. ఒక్కో చిన్న కోత తర్వాత వేలితో చూడటం, అట్ట ముక్కతో కోసుకున్న టెంప్లేట్ పెట్టి అన్ని పోర్ట్‌లనూ సరిపోల్చడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. ఇక్కడ ఎక్కువ తీసేస్తే తిరిగి పెట్టడానికి ఇన్‌టేక్ వైపు వేడిని, పెట్రోల్‌ను తట్టుకునే ఎపాక్సీ ఉంది కానీ అది అతుకుపనే. ఎగ్జాస్ట్ వైపు అది కూడా నిలవదు.

సిలిండర్‌కు నాలుగు వాల్వ్‌లున్న హెడ్‌లో పోర్ట్ లోపల రెండుగా చీలే చోట మధ్య గోడ ఉంటుంది. దాన్ని కత్తి అంచులా పదును పెట్టడం బొమ్మల్లో అందంగా ఉంటుంది. గాలి ఎప్పుడూ సరిగ్గా ఎదురుగా రాదు కనుక పదునైన అంచు మీద ఏదో ఒక వైపు విడిపోతుంది. విమానం రెక్క ముందు అంచులా మిల్లీమీటర్, ఒకటిన్నర వ్యాసార్ధంతో గుండ్రంగా వదిలేయాలి.

ఇక మూతి. గాస్కెట్ పెట్టి గీత గీసి అంతదాకా తొలిచేయడాన్ని గాస్కెట్ మ్యాచింగ్ అంటారు. గాస్కెట్ రంధ్రం తరచుగా పోర్ట్ కంటే పెద్దదిగా ఉంటుంది. మూతి దగ్గర 10 మి.మీ. లోతుకు మాత్రమే తొలిస్తే గాలి ముందు విచ్చుకుని, నెమ్మదించి, మళ్లీ ఇరుక్కుంటుంది. కావాల్సింది హెడ్‌కు గాలి తెచ్చే మానిఫోల్డ్ రంధ్రం, హెడ్ రంధ్రం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం, గాలికి ఎదురుగా మెట్టు లేకపోవడం. తప్పనిసరైతే మానిఫోల్డ్ రంధ్రం అరమిల్లీమీటర్ చిన్నదిగా ఉండనివ్వచ్చు, పెద్దదిగా ఉండకూడదు.

నునుపు విషయానికొస్తే, అద్దంలా మెరిసే ఇన్‌టేక్ పోర్ట్ చూడటానికి తప్ప ఎందుకూ కొరగాదు. పెట్రోల్ పోర్ట్ గోడ మీద పడే ఇంజిన్లలో కాస్త గరుకు ఉంటేనే ఆ తడి చెదిరి గాలిలో కలుస్తుంది. 60 నంబర్ ఎమరీ చుట్టతో మొదలుపెట్టి 80 దగ్గర ఆపేయాలి. ఎగ్జాస్ట్‌ను 120 దాకా, ఇంకాస్త నునుపుగా చేయవచ్చు, కార్బన్ నెమ్మదిగా పడుతుంది.

ఎగ్జాస్ట్ వైపు వేరే నియమాలు

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే క్షణంలో సిలిండర్‌లో ఒత్తిడి బయటి కంటే రెండు రెట్లకు మించి ఉంటుంది. అప్పుడు పొగ సందులోంచి ధ్వని వేగంతోనే పోతుంది. ఆ దశలో పోర్ట్ ఆకారం కంటే సీట్ ఛాంబర్ వైపు అంచు ముఖ్యం. అందుకే ఎగ్జాస్ట్ సీట్ పైభాగాన్ని మెత్తని వంపుతో ఛాంబర్‌లోకి కలుపుతారు. ఎగ్జాస్ట్ పోర్ట్ ఇన్‌టేక్‌లో పోయే గాలిలో 75 శాతం దగ్గర పంపగలిగితే చాలు. అంతకు మించి పెంచితే రెండు వాల్వ్‌లూ తెరిచి ఉన్న క్షణాల్లో తాజా గాలి బయటికి పారిపోవడం తప్ప లాభం ఉండదు. ఎగ్జాస్ట్ గొట్టం రంధ్రం పోర్ట్ కంటే మిల్లీమీటర్, రెండు పెద్దదిగా ఉండడం మంచిదే. ఆ మెట్టు వెనక్కి తిరిగొచ్చే పొగను కొంత అడ్డుకుంటుంది. కాబట్టి ఇక్కడ పోర్ట్ మూతిని గొట్టం సైజుకు తొలవకూడదు.

సీట్, ఛాంబర్, కంప్రెషన్

మామూలు మూడు కోణాల సీట్‌లో పైన 30, మధ్యలో 45, కింద 60 డిగ్రీలు. వాల్వ్ ఆనేది 45 మీద. ఇన్‌టేక్‌కు ఆ పట్టీ వెడల్పు 1.0 నుంచి 1.3 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 1.4 నుంచి 1.8 మి.మీ. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీట్ ద్వారానే వదిలించుకుంటుంది. గాలి కోసం ఆ పట్టీని సన్నం చేస్తే వాల్వ్ అంచు కాలిపోతుంది. వాల్వ్ వెనక వైపు, పట్టీ లోపలి అంచు దగ్గర 30 డిగ్రీల కోణం కోయిస్తే ఖర్చు తక్కువ, తక్కువ లిఫ్ట్‌లో ఫలితం బాగుంటుంది.

సీట్ హెడ్ లోపలికి దిగినంత మేర వాల్వ్ కాడ పైకి పొడుచుకొస్తుంది. ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది, స్ప్రింగ్ వదులవుతుంది. రెంటినీ షిమ్‌లతో (సన్నని లోహపు బిళ్లలతో) సరిచేయకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది. పోర్టింగ్ తర్వాత ఇంజిన్ బలహీనపడిందని వాపోయేవాళ్లలో చాలామంది కథ ఇదే.

వాల్వ్ అంచుకు ఛాంబర్ గోడ మరీ దగ్గరగా ఉంటే అక్కడ కాస్త వెనక్కి జరపవచ్చు, కానీ హెడ్ గాస్కెట్ గీత దాటకూడదు. తీసిన ప్రతి సీసీకీ కంప్రెషన్ తగ్గుతుంది. మన ఉదాహరణలో ఒక్కో సిలిండర్ 402 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే పైన మిగిలే చోటు 44.7 సీసీ. 1.5 సీసీ తీస్తే నిష్పత్తి 9.7 అవుతుంది. దాన్ని తిరిగి రప్పించడానికి ఛాంబర్ వైశాల్యం 3750 చదరపు మి.మీ. ఉంటే హెడ్ ముఖాన్ని 0.4 మి.మీ. చెక్కించాలి. ఓవర్‌హెడ్ కామ్ ఇంజిన్‌లో హెడ్ అలా కిందికి దిగితే కామ్ టైమింగ్ కాస్త వెనకపడుతుంది, పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. ప్లాస్టిసిన్ ముక్క పిస్టన్ మీద పెట్టి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, నలిగిన మందం కొలవాలి. అన్ని ఛాంబర్‌ల వాల్యూమ్ తేడా అర సీసీ లోపు ఉండాలి.

బిగించాక

పని అయ్యాక నీటి దారులను మూసి, గాలి ఒత్తిడి ఇచ్చి, హెడ్‌ను వేడినీళ్లలో ముంచి బుడగలు చూడాలి. గోడ తొలిచి నీటి జాకెట్‌లోకి పోయిన రంధ్రం సూదిమొనంత కూడా ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు దాని జాడే తెలియదు. ఇంజిన్ వేడెక్కాక సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి, రేడియేటర్‌లో తరుగుతున్న నీళ్లు. అల్యూమినియంలో దాన్ని వెల్డ్ చేయవచ్చు. కానీ ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడి సీట్ వదులయ్యే ప్రమాదం ఉంది కనుక సీట్ మళ్లీ కోయించక తప్పదు.

తర్వాత సబ్బు నీళ్లతో, బ్రష్‌తో ప్రతి నూనె దారినీ కడగాలి. మిగిలిన ఎమరీ పొడి బేరింగ్‌ల దగ్గరికి వెళితే వారంలో ఇంజిన్ మళ్లీ విప్పాలి. వాల్వ్‌లు పెట్టి పోర్ట్‌లో కిరోసిన్ పోసి పది నిమిషాలు ఉంచితే ఛాంబర్ వైపు చుక్క కూడా రాకూడదు.

గాలి ఎక్కువ పోతుంటే ఇంధనం కూడా అంత కావాలి. కార్బురేటర్ ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి మొదలుపెట్టి, మిశ్రమంలో గాలి, ఇంధనం పాళ్లు చూపించే లాంబ్డా మీటర్‌తో సరిచూసుకోవాలి. గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న ఇంజిన్ కొంతవరకు తనే సర్దుకుంటుంది. మానిఫోల్డ్ ఒత్తిడి చూసి లెక్కగట్టే ఇంజిన్‌కు మాత్రం ఆ ఒత్తిడి దగ్గర సిలిండర్ ఇప్పుడు ఎక్కువ నిండుతోందని తెలియదు. దాని మ్యాప్ (ఇంధనం లెక్కల పట్టిక) మార్చకుండా పూర్తి థ్రాటిల్‌లో నడిపితే మిశ్రమం పలుచనై పిస్టన్ కరిగిపోవచ్చు. ఇగ్నిషన్ అడ్వాన్స్, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్క్ పడుతుందో అది, కూడా మళ్లీ చూసుకోవాలి. ఛాంబర్ ఆకారం మారి మంట వేగం పెరిగితే రెండు మూడు డిగ్రీలు తగ్గించాల్సి రావచ్చు.